ఎవరి బొమ్మ వారే గీయాలి

మదురైలో మన తెలుగువాళ్ళకు ఒక చిక్కు ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది తమిళం. నాయక రాజుల కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో చాలామందికి ఇవాళ తెలుగు అక్షరాలు రావు. డాక్టరమ్మ దగ్గర ఒంటి బాధ తమిళంలో చెప్పాలి. అమ్మతో తెలుగులో చెబుదామంటే సిగ్గు అడ్డం. సగం మాటలు లోపలే ఉండిపోతాయి. మాట్టుతావణిలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, రంగులు చేతికిచ్చి, వాళ్ళ ఒంటి బొమ్మ వాళ్ళచేతే గీయించి ఈ పుస్తకం తెచ్చిన అమ్మాయి ఆ చిక్కును సరిగ్గా పట్టుకుంది. పుస్తకంలో బొమ్మలెక్కువ, మాటలు తక్కువ. అది లోపం కాదు.

పద్ధతి కొత్తదేమీ కాదు, ఆ సంగతి ఆమే ఒప్పుకుంది. 2002లో కేప్‌టౌన్ దగ్గర ఖయెలిత్షాలో, హెచ్‌ఐవీతో బతుకుతున్న బంబనాని అనే బృందంలోని మహిళలు నిలువెత్తు కాగితం మీద పడుకొని, ఒంటి చుట్టూ గీత గీయించుకొని, లోపల తమ జబ్బునూ బతుకునూ రంగుల్లో నింపారు. మనకు దగ్గరిది రాజస్థాన్ కథ. 1980లలో 75 మంది పల్లె ఆడవాళ్ళు కలిసి ‘శరీర్ కీ జాన్‌కారీ’ అనే పుస్తకం తయారు చేశారు. బట్టల్లేని బొమ్మ చూపిస్తే ఊళ్ళో ఆడవాళ్ళే ఒప్పుకోలేదు. మా ఊళ్ళో ఆడది అలా ఎక్కడ కనబడుతుంది అన్నారు. మరి లోపలి సంగతి చెప్పేదెలా? బొమ్మకు బట్ట కట్టి, ఆ కాగితాన్ని పైకెత్తితే ఒళ్ళు కనిపించేలా అతికించారు. కావలసినవాళ్ళు ఎత్తి చూస్తారు. సిగ్గును వెక్కిరించకుండా సిగ్గుచేతే పని చేయించుకున్నారు, ఎంత తెలివి!

ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చినది ఒక చిన్న నియమం. నేర్పేవాళ్ళు పెన్సిలు ముట్టుకోకూడదు. గీత వంకర పోయినా దిద్దకూడదు. పూలమార్కెట్టులో మల్లెలు కట్టే ఒకావిడ బొమ్మలో మొహం గోరంత, చేతివేళ్ళు మూరెడేసి. చూపుడువేలి మీద దారం కోసిన గాట్లు ఎర్రగా ఉన్నాయి. పొత్తికడుపు దగ్గర మాత్రం ఏ రంగూ వేయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఇంకో నియమం: బొమ్మ గీసినవాళ్ళదే. గోడకు తగిలించాలన్నా అచ్చు వేయాలన్నా ఆమె సరేననాలి, రేపు వద్దంటే తీసేయాలి. ఒంటి మీద హక్కు గురించి గంటసేపు ఉపన్యాసమిచ్చి, మాటైనా అడగకుండా ఆడవాళ్ళ బొమ్మల్ని ప్రదర్శనకు పెట్టిన సభలు నేనెరుగుదును.

ఆడవాళ్ళు ఒంటి సంగతులు ఇలా బయటపెట్టడం మన సంప్రదాయం కాదనే పెద్దలు నా ఈడువాళ్ళలోనే ఉన్నారు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికాసాంత్వనము’ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది, 1947లో గానీ ఎత్తివేయలేదు. సంప్రదాయంలో లేనిది ఏది, ఆ రచనా, ఆ నిషేధమా?

ఒంటి మీద హక్కు మాట కోర్టులోనూ వినిపించింది. మాట్టుతావణి నుంచి మేలూరు రోడ్డు మీద ఇంకాస్త ముందుకు పోతే మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం. 2019 ఏప్రిల్ 22న జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ అక్కడ ఒక తీర్పిచ్చారు. హిందూ వివాహ చట్టంలో వధువు అంటే ట్రాన్స్ మహిళ కూడా అన్నారు. అదే తీర్పులో, ఇంటర్‌సెక్స్ పసిబిడ్డలను ఆడో మగో తేల్చేయడానికి చేసే ఆపరేషన్లు ఆపాలన్నారు. తల్లిదండ్రుల ఒప్పుకోలు బిడ్డ ఒప్పుకోలు కాదన్నారు. మదురైకే చెందిన ఇంటర్‌సెక్స్ హక్కుల కార్యకర్త గోపీ శంకర్ కృషి ఆ తీర్పులో ప్రస్తావనకు వచ్చింది. ప్రాణాపాయం ఉంటే తప్ప అలాంటి ఆపరేషన్లు చేయరాదని అదే ఏడు ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కూతవేటు దూరంలో పుట్టిన ఇంత పెద్ద మాటకు రచయిత్రి అరపేజీ ఇచ్చి ఊరుకుంది. చివరి అధ్యాయంలో నినాదాలకు మాత్రం ఆరు పేజీలు! ఆ నినాదాలు తగ్గించి, ఈ తీర్పును మన ఇంటి తెలుగులో విడమరిచి, కోయంబత్తూరులోని తెలుగు ఆడవాళ్ళచేత కూడా బొమ్మలు గీయించి, వాళ్ళు ఒప్పుకుంటే చేర్చి, రెండో కూర్పు తెమ్మని అడుగుతున్నాను. దానికీ ముందుమాట నేనే రాస్తాను.