చుక్కకు వేళ రాసుకోవడం

ముదిగొండలో తెల్లవారుజామున పొలానికి నీళ్ళు పెట్టే రైతుకు వేగుచుక్కను ఎవరూ చూపించనక్కర్లేదు. అది శుక్రగ్రహమని పిల్లలకు బడిలో చెబుతారు. చూసిన వేళను రాసి పెట్టుకోమని మాత్రం చెప్పరు.

విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు (1827–1892) ఆకాశాన్ని చూసి రాసిపెట్టుకునే పని ఏళ్ళ తరబడి చేశాడు. ఆయన మామ గోడే వెంకట జగ్గారావు జమీందారు. జగ్గారావు మద్రాసు వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని, 1840 ప్రాంతంలో విశాఖలో సొంత వేధశాల పెట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక అది అల్లుడి చేతికి వచ్చింది. ఏవీఎన్ కాలేజీ పేరు ఉత్తరాంధ్రలో వినని ఇల్లుండదు. ఆ మూడక్షరాలు ఈ ఖగోళ పరిశీలకుడి పేరులోవని ఎంతమందికి తెలుసు? తెలియాలి.

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. గ్రహణం చూశాడు, వెళ్ళిపోయాడు. నరసింగరావు విశాఖలోనే ఉండి చూశాడు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా తీసుకుంది.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటాడు. నాలుగు గంటలకు పైగా సాగిన ఆ ప్రయాణాన్ని ఆయన టెలిస్కోప్‌తో పరిశీలించాడు. శుక్రుడు బింబంలోకి జొరబడిన క్షణం, బయటపడిన క్షణం భూమ్మీద చోటుచోటుకూ కాస్త మారతాయి. ఆ తేడాలోంచే సూర్యుడి దూరం లెక్క తేలుతుంది. చిక్కేమిటంటే, అంచులు విడిపోయే ముందు చుక్క సాగి అంటుకున్నట్టు కనిపిస్తుంది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికీ కొన్ని సెకన్ల తేడా వస్తుంది. పైగా నమ్మకమైన గడియారం కావాలి. తెలిసిన నక్షత్రం మధ్యాహ్న రేఖ దాటే క్షణం చూసి దాన్ని సరిచేసుకోవాలి. ముందు రాత్రుల శ్రమ లేకపోతే ఆ పగలు చూసినదానికి విలువ లేదు.

ఇవాళ సెకను ఎవరి జేబులో ఫోన్‌నడిగినా చెబుతుంది. శుక్రుడు మళ్ళీ సూర్యుడి మీదుగా దాటేది 2117లో, అందాకా ఆగనక్కర్లేదు. తెల్లవారుజామున వేగుచుక్క ఆఖరుసారి ఏ రోజు కనిపించింది, సాయంత్రం పడమట ఏ రోజు తొలిసారి తేలింది, వేళెంత, మబ్బుందా అన్నవి ఒక నోటుపుస్తకంలో పడితే చాలు. ఈ రాకపోకల చక్రం సుమారు 584 రోజులు. అలాంటివి అయిదు తిరిగితే దాదాపు ఎనిమిదేళ్ళు. అప్పుడు శుక్రుడు ఇంచుమించు అవే తేదీల్లో అదే చోటికి వస్తాడు. ముదిగొండ బడిలో ఏడో తరగతి పిల్ల ఇప్పుడు రాసిన పేజీని డిగ్రీ చదివేటప్పుడు తీసి, ఎన్ని రోజులు ఇటూ అటూ అయిందో తనే లెక్క చూసుకోవచ్చు.