ఇంట గెలిచి చిత్తడి గెలవడం

వాల్‌హైమ్ ఆట మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళు నాకు పదిమంది దాకా తెలుసు. ఎక్కడ వదిలేశారని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: చిత్తడిలో. 2021 వేసవిలో మేమూ అక్కడే ఇరుక్కున్నాం. ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురం. నేను హైదరాబాదు, ఒకడు బెంగళూరు, ఇంకొకడు డాలస్. బయట రెండో వేవ్ నడుస్తోంది. ఫోన్ మోగితే భయపడే రోజులు. శనివారం రాత్రి అయ్యేసరికి (డాలస్ వాడికి శనివారం పొద్దున) ముగ్గురం హెడ్‌సెట్లు పెట్టుకుని ఆ వానలో, ఆ బురదలో నిలబడేవాళ్ళం. చచ్చేవాళ్ళం. మళ్ళీ వెళ్ళేవాళ్ళం.

అప్పుడు అది కాలక్షేపం అనుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత అదే ఆట ఒంటరిగా, అడ్డదారిలో ఆడి చూశాక, ఆ మూడు నెలలూ మాకు ఆ ఆట ఏం ఇచ్చిందో కొంచెం అర్థమైంది. దాని గురించే ఈ వ్యాసం.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. వాల్‌హైమ్ స్వీడన్‌కి చెందిన ఐరన్ గేట్ అనే చిన్న స్టూడియో చేసిన ఆట. 2021 ఫిబ్రవరిలో, ఇంకా పూర్తికాని రూపంలోనే అమ్మకానికి పెట్టారు. నెల తిరిగేసరికి 50 లక్షల కాపీలు అమ్ముడైంది. చనిపోయిన వైకింగ్ యోధుడు మీరు. ఓడిన్ పాత శత్రువులు దాక్కున్న ఒక లోకంలో మిమ్మల్ని దింపేస్తారు. ఒంటిమీద గుడ్డముక్క తప్ప ఏమీ ఉండదు. పచ్చిక మైదానం, నల్ల అడవి, చిత్తడి, మంచుకొండలు, ఆ పైన మరికొన్ని. ఒక్కో ప్రాంతానికీ ఒక పెద్ద శత్రువు, కొన్నిటికి సొంత లోహం. అడవిలో రాగి, తగరం కలిపి కంచు. చిత్తడిలో ఇనుము. కొండల్లో వెండి. ఒక ప్రాంతంలో సంపాదించిన సరంజామాతో తర్వాతి ప్రాంతంలో బతకాలి. ఇంతే కథ.

ఇలాంటి ఆటల్లో చాలావాటిలో ఆకలి ఒక శిక్ష. 2013లో వచ్చిన డోంట్ స్టార్వ్‌లో పేరులోనే ఉంది హెచ్చరిక: తినకపోతే పోతావ్. వాల్‌హైమ్ ఇక్కడే తిరగేసింది. ఇందులో ఆకలితో ఎవరూ చావరు. తినకపోతే మీ ప్రాణం 25 దగ్గర, దమ్ము 50 దగ్గర ఆగిపోతాయి, అంతే. మైదానంలో దాంతో నెట్టుకురావచ్చు. చిత్తడిలో మాత్రం ఒక్క దెబ్బకే పోతారు. మూడు రకాల తిండి తినొచ్చు. ఏం తిన్నారన్నదాన్నిబట్టి ప్రాణమో దమ్మో పెరుగుతుంది. అంటే వంట ఇక్కడ చాకిరీ కాదు, యుద్ధంలో మొదటి ఎత్తు.

ఇల్లు కూడా అంతే. కప్పు కింద, మంట పక్కన కాసేపు కూచుంటే ఒంటికి విశ్రాంతి అంటుకుంటుంది. దాంతో దమ్ము త్వరగా తిరిగొస్తుంది. ఇంట్లో కుర్చీ, తివాచీ, మంచి మంచం ఉంటే ఆ విశ్రాంతి ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. మొదట్లో బెంగళూరు వాడు ఇల్లు అలంకరిస్తుంటే మేమిద్దరం తెగ నవ్వాం. "ఒరేయ్, గృహప్రవేశానికి పంతుల్ని కూడా పిలవరా" అని. వాడు పెట్టిన కుర్చీల వల్లే చిత్తడిలో నాలుగు నిమిషాలు ఎక్కువ పరిగెత్తగలిగామని తర్వాతెప్పుడో తెలిసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఈ ఆట ఆ సామెతని అక్షరాలా కోడ్‌లో రాసింది.

ఇక పోరు సంగతి. మిగతా ఆటల్లో కవచం పెరిగేకొద్దీ ఒక దశలో పాత శత్రువులు చీమలైపోతారు. నిలబడి కొట్టించుకున్నా ఏమీ కాదు. వాల్‌హైమ్‌లో కవచం లెక్క వేరు. దెబ్బలో సగానికంటే కవచం తక్కువైతే నేరుగా తీసివేత. అంతకు మించితే దెబ్బ వర్గాన్ని కవచానికి నాలుగింతలతో భాగిస్తారు. 40 దెబ్బకి కవచం 10 ఉంటే 30 తగులుతుంది. 40 ఉంటే 10. 80 ఉంటే 5. ఎంత పెంచినా సున్నా మాత్రం కాదు. నా వృత్తి వల్ల కాబోలు, ఈ సూత్రం చూసినప్పుడు ఒక వాక్యం చదివినట్టే అనిపించింది. సరంజామా నిన్ను కాపాడుతుంది, కానీ నీకు అభయం ఇవ్వదు.

అందుకే చివరిదాకా చేతివాటం నేర్చుకోక తప్పదు. శత్రువు ఆయుధం తగిలే క్షణానికి సరిగ్గా డాలు ఎత్తితే వాడు తూలిపోతాడు, ఆ తూలినప్పుడు కొట్టే దెబ్బ రెట్టింపు. అయితే ఎంత పెద్ద దెబ్బని డాలు మీద కాయగలరన్నది మీ మొత్తం ప్రాణంతో ముడిపడి ఉంటుంది. మొత్తం ప్రాణం తిండితో. తిండి తోటతో, వంటింటితో. గొలుసు మళ్ళీ ఇంటికే వస్తుంది.

చిత్తడి ఈ గొలుసుకి పెట్టిన పరీక్ష. అక్కడెప్పుడూ వానే. తడిసిన ఒంటికి దమ్ము నెమ్మదిగా వస్తుంది. నీళ్ళలో జలగలు, ఒడ్డున విషం చిమ్మే ముద్దలు, ఎక్కడపడితే అక్కడ డ్రౌగర్ అనే లేచొచ్చిన శవాలు. ఇనుము మునిగిపోయిన సమాధి గదుల్లో ఉంటుంది. వాటి తాళంచెవి అంతకుముందు అడవిలోని పెద్ద శత్రువుని చంపితే దొరుకుతుంది. చిత్తడికి పెద్ద బోన్‌మాస్, ఎముకలూ బురదా కలిసిన కొండ. బాణాలు పెద్దగా పనిచేయవు, కత్తీ అంతే. మేం మూడు శనివారాలు కత్తులు, బాణాలు పట్టుకుని వెళ్ళి ఓడిపోయాం. నాలుగో శనివారం ఇనుప గదలు చేసుకున్నాం, విషాన్ని తట్టుకునే మీడ్ పీపాలో పులియబెట్టుకున్నాం, కడుపునిండా తిన్నాం. గెలిచాం. మా చేతులేం మారలేదు. తయారీ మారింది.

ఓటమి దగ్గర కూడా ఈ ఆటకి ఒక తీరు ఉంది. చస్తే మీ దగ్గరున్నవన్నీ అక్కడే సమాధి రాయిలో ఉండిపోతాయి. నేర్చుకున్న నైపుణ్యాల్లో కొంత తగ్గుతుంది. మీరు ఇంట్లో మంచం మీద ఖాళీ చేతులతో లేస్తారు. సామాను కావాలంటే ఏ చోట చచ్చారో ఆ చోటికే, ఏమీ లేకుండా వెళ్ళాలి. ఒంటరిగా అయితే ఇది నరకం. ముగ్గురుంటే ఇంకొకటి. ఒకరోజు డాలస్ వాడు సముద్రంలో పోయాడు. నీళ్ళలో పోతే సమాధి రాయి తేలుతూ ఉంటుంది. రాత్రి, తుపాను, అలల మధ్య ఆ రాయి కోసం గంటసేపు వెతికాం. అప్పటికి వారం క్రితమే వాళ్ళ పెదనాన్న ఇక్కడ పోయాడు, వాడు విమానం ఎక్కలేకపోయాడు. ఆ సంగతి మేమెవరం ఎత్తలేదు. రాయి దొరికాక వాడు "థాంక్స్ రా" అన్నాడు, అంతే. ఆటకి ఇదంతా తెలుసని నేననను. పోయినవాడి దగ్గరికి వెళ్ళి రావడమనే పని మాత్రం దానిలో ఉంది, మాకు అది ఆ రోజు దొరికింది.

ఇప్పుడు అసలు వివాదానికి వస్తాను. వాల్‌హైమ్‌లో పోర్టళ్ళు కట్టుకోవచ్చు, క్షణంలో లోకం అవతలికి పోవచ్చు. లోహం చేతిలో ఉంటే మాత్రం పోర్టల్ ఒప్పుకోదు. ఇనుముని పడవలో వేసుకుని, ఎదురుగాలిలో, సముద్రసర్పాల మధ్య ఇంటికి తెచ్చుకోవాలి. ఒక్కరికి ఇనుప కవచం పూర్తిగా కావాలంటే 60 ఇనుప కడ్డీలు. మీరు మోయగల బరువు 300. ఎన్ని ప్రయాణాలో ఊహించుకోండి. ఇది సమయం తినేసే దగా అన్నది ఒక వాదన. 2023 ఆగస్టులో ఐరన్ గేట్ వాళ్ళు ఆ వాదన విన్నారు. పోరు, చావు, దొరికే సరుకు, పోర్టల్, అన్నీ ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకునే వీలు ఇచ్చారు.

గతేడాది పాపని పడుకోబెట్టాక దొరికే ఒక గంటలో ఆడదామని, నేను పోర్టల్ గేట్లు ఎత్తేశాను. పోరు కూడా తేలిక చేశాను. రెండు వారాల్లో వెండి కవచం వచ్చింది. ఆ లోకం గురించి నాకిప్పుడు ఒక్క సంఘటనా గుర్తులేదు. 2021లో తెచ్చిన మొదటి పడవ ఇనుము ఏ ఒడ్డుకి చేర్చామో ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను.

అలాగని ఆటలో తప్పుల్లేవని కాదు. సమాధి గదుల్లో బురదకుప్పలు తవ్వడం నాలుగోసారికే విసుగు. 2022 డిసెంబర్లో వచ్చిన మిస్ట్‌లాండ్స్‌లో పొగమంచు తయారీకి విలువిస్తుంది గానీ కాలు కదపనివ్వదు. 2024 మేలో వచ్చిన యాష్‌లాండ్స్‌లో శత్రువులు ఎంత గుంపులుగా వస్తారంటే, డాలు ఎత్తే ఆ క్షణానికి అర్థమే పోతుంది. పదిమంది ఒకేసారి మీదపడితే ఎవడి దెబ్బకని ఎత్తుతాం? కష్టం వేరు, రద్దీ వేరు. ఇంతకాలం మనకి మొదటిది నేర్పిన ఆట, చివర్లో రెండోదాన్ని కష్టమని చూపిస్తోంది. అదే యాష్‌లాండ్స్‌లో లోహాన్ని కూడా దాటించే రాతి పోర్టల్ దొరుకుతుంది. అది మాత్రం సరైన చోటే వచ్చింది. సముద్రాలు ఈదినవాడికి ఇచ్చిన వంతెన అది.

కాబట్టి నాకు తేలింది ఇది. శ్రమ అంతా ఒకటి కాదు. తవ్వకం శ్రమ, ప్రయాణం కూడా శ్రమే. తవ్వకంలో సగం తీసేస్తే ఆట ఏమీ కోల్పోదు. ప్రయాణం తీసేస్తే ఇనుము ఒక అంకె అయిపోతుంది.

పోయిన నెల ముగ్గురం మళ్ళీ కలిశాం. డాలస్ వాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. "మనకి పడవ నడిపే టైమ్ ఎక్కడిది మామా, పోర్టల్ తెరిచెయ్" అన్నాడు. గంటసేపు వాదించుకున్నాం. ఆ గంటలో ఒక ప్రయాణం అయిపోయేది. చివరికి సరుకు ఎక్కువ దొరికేలా మార్చుకుని, పోర్టల్ నియమం అలాగే ఉంచాం. మొన్న శనివారం చిత్తడి నుంచి మొదటి పడవ బయల్దేరింది. ఎదురుగాలి. చుక్కాని వాడికే ఇచ్చాం.