తక్కువ ఎత్తు, ఎక్కువ చప్పట్లు

2024 మార్చి 1న విడుదలైన ‘ఆపరేషన్ వాలెంటైన్’ సినిమాని హనుమకొండలో చూశాను. పక్క సీట్లో మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ లోకో పైలట్. కాజీపేటలో ఏ వీధిలో చూసినా అలాంటి పెద్దాయన ఒకరు కనిపిస్తారు. సికింద్రాబాద్ వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు రాత్రిళ్ళు బండ్లు నడిపి నడిపి, ఇప్పుడు నిద్ర పట్టక తెల్లవారకముందే అరుగు మీద కూర్చుని ఉంటారు. తెర మీద యుద్ధవిమానం నేలను రాసుకుంటున్నట్టుగా దూసుకుపోయినప్పుడు ముందు వరుసల్లో ఈలలు పడ్డాయి. ఆయన మాత్రం చేతులు కట్టుకుని చూశాడు.

బయటికొచ్చాక అన్నాడు: “మంచిగనే తీసిండ్రు తమ్మీ. కని నాకొక్కటి సమజ్ కాలే. పైలట్ చెప్పిన మాట ఇనకపోతె ఈలలేస్తిరి. మేం ఎర్ర సిగ్నల్ దాటి ఒక్క డబ్బా పొడుగు పోయినా కొలువు పోతది. ఆయన పైలటే, మేమూ పైలట్లమే గద?”

“అది సినిమా అన్నా” అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

ఆ సినిమా సంగతే ముందు చూద్దాం. శక్తి ప్రతాప్ సింగ్ హాడా దర్శకత్వంలో వరుణ్ తేజ్ వైమానిక దళ పైలట్‌గా నటించాడు. కథకు మూలం 2019 నాటి పుల్వామా, బాలాకోట్ సంఘటనలు. కానీ కథలో అసలు ఇరుసు ‘ప్రాజెక్ట్ వజ్ర’. రాడార్‌కు చిక్కకుండా నేలకు ఇరవై మీటర్ల ఎత్తులో విమానం నడపడం దాని లక్ష్యం. ఆ ప్రయత్నంలో హీరో స్నేహితుడు కబీర్ (నవదీప్) చనిపోతాడు. యుద్ధంలో తక్కువ ఎత్తున ఎగరాల్సిన అవసరం నిజంగానే ఉంది, దాన్ని కాదనలేం. నా పేచీ వేరే చోట. ఆ చావు ఈ కథకి హీరో మనసులో మానని గాయంగా కావాలి, అంతే. ఎవరు అనుమతించారు, ఎక్కడ ఆపాల్సింది, ఎవరు చూస్తూ ఊరుకున్నారు అనే ప్రశ్నలు కథకి కేంద్రం కావు. హీరో తన భయాన్ని దాటితే చాలు, మనకి కథ పూర్తయినట్టే.

ఈ అచ్చు మన దగ్గర పుట్టింది కాదు. 1986లో వచ్చిన ‘టాప్ గన్’లో మావెరిక్ అనుమతి లేకుండా కంట్రోల్ టవర్‌ని ఆనుకుని దూసుకుపోతే, లోపలున్న అధికారి చేతిలోని కాఫీ ఒలుకుతుంది. ప్రేక్షకుడు నవ్వుతాడు. 2022లో వచ్చిన ‘టాప్ గన్: మావెరిక్’లో అదే మనిషి అనుమతి లేకుండా విమానం తీసుకెళ్ళి, అసాధ్యమన్న మార్గాన్ని ఎగిరి చూపిస్తాడు. దానికి శిక్ష ఏమిటంటే అతన్నే దళనాయకుణ్ణి చేయడం! ఈ సినిమాల లెక్కలో గెలిస్తే నేరం మాఫీ. ఓడితే కథే ఉండదు.

నిజ జీవితంలో ఆ లెక్క ఎలా నడుస్తుందో చూడాలంటే అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ వైమానిక స్థావరానికి వెళ్ళాలి. 1994 జూన్ 24న అక్కడ ఒక బి-52 బాంబర్, ఎయిర్ షో కోసం రిహార్సల్ చేస్తూ, కంట్రోల్ టవర్ చుట్టూ మరీ తక్కువ ఎత్తులో మరీ నిటారుగా వాలి తిరగబోయి కూలింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. నడిపినవాడు లెఫ్టినెంట్ కల్నల్ బడ్ హాలండ్. మహా నిపుణుడని పేరు. అతను అలా ఎగరడం అదే మొదటిసారి కాదు. మూడేళ్ళుగా ఎయిర్ షోల్లో హద్దులు దాటుతూనే ఉన్నాడు, పై అధికారులు చూస్తూనే ఉన్నారు. మందలించారేమో గానీ ఆపలేదు. అతన్ని విమానం ఎక్కనివ్వొద్దని స్క్వాడ్రన్ కమాండర్ మార్క్ మెక్‌గీహన్ పైవాళ్ళని అడిగాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో మెక్‌గీహన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు: హాలండ్‌తో తన కుర్రాళ్ళని పంపడు, పంపాల్సి వస్తే పక్కన తానే కూర్చుంటాడు. ఆ రోజు ఆ పక్క సీట్లో ఉన్నది ఆయనే. ఆయన భార్య, ఇద్దరు చిన్న కొడుకులు ఇంటి దగ్గర నిలబడి ఆ విమానం కూలడం చూశారు.

ఆ మొదటి ఎయిర్ షో దగ్గరే హాలండ్‌ని ఆరు నెలలు నేల మీద కూర్చోబెట్టి ఉంటే? అతని అహం దెబ్బతినేది, అంతకు మించి పోయేదేమీ లేదు. శిక్ష వేయకపోవడాన్ని మనం దయ అనుకుంటాం. ఇక్కడ ఆ దయ నలుగుర్ని చంపింది.

ఇక ప్రయాణికుల విమానాల సంగతి. 2008 జనవరిలో కాథే పసిఫిక్ సంస్థ అమెరికాలో కొత్త బోయింగ్ 777 తీసుకుని హాంగ్‌కాంగ్ బయల్దేరింది. టేకాఫ్ అయ్యాక కెప్టెన్ వెనక్కి తిరిగి, చక్రాలు మడిచి, రన్‌వే మీదుగా దాదాపు ముప్పై అడుగుల ఎత్తులో దూసుకుపోయాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. సంస్థ ఛైర్మన్ ఆ విమానంలోనే ఉన్నాడు. తర్వాత ఆ వీడియో ఇంటర్నెట్‌లో తిరిగింది, కెప్టెన్ ఉద్యోగం పోయింది. ఇప్పటికీ చాలామంది అడిగే ప్రశ్న ఇదే: ఎవరికీ ఏమీ కానప్పుడు అంత శిక్ష దేనికి?

నా జవాబు: శిక్ష పడాల్సిందే. ఎవరికీ ఏమీ కాకపోవడం ఆ రోజు అదృష్టం, ఆయన అనుమతి లేకుండా దిగడం ఆయన ఎంపిక. శిక్ష ఎంపికకి పడాలి, అదృష్టానికి కాదు. మన దేశంలో 1937 నాటి విమాన నిబంధనలే తక్కువ ఎత్తులో ఎగిరి మనుషులకీ ఆస్తులకీ అనవసరపు ప్రమాదం తేవడాన్ని నిషేధించాయి. కూలిపోతేనే నేరం అని వాటిలో లేదు. అయితే ఛైర్మన్ లోపల కూర్చుని ఉండగా జరిగినదానికి కాక్‌పిట్ ఒక్కటే జవాబుదారీ అంటే నేను ఒప్పుకోను.

ఒప్పుకోని కోర్టు ఒకటుంది. 1988 జూన్ 26న ఫ్రాన్స్‌లోని హాబ్‌షైమ్‌లో ఒక చిన్న ఎయిర్ షోలో, 136 మందిని ఎక్కించుకున్న ఎయిర్‌బస్ ఎ320, నూరడుగుల ఎత్తున పోవాల్సింది ముప్పై అడుగులకు దిగి చెట్లలోకి దూసుకుపోయింది. ముగ్గురు చనిపోయారు. తప్పు తనది కాదని కెప్టెన్ చివరిదాకా వాదించాడు. కోర్టు ఆయన్ని దోషి అంది. ఆయనతో పాటు కో-పైలట్‌నీ, ఎయిర్ ఫ్రాన్స్ అధికారులు ఇద్దర్నీ, షో నిర్వహించిన క్లబ్ అధ్యక్షుణ్ణీ కూడా దోషులనే అంది. చప్పట్ల కోసం పందిరి వేసినవాళ్ళనీ లెక్కలోకి తీసుకున్న తీర్పు అది.

అనుమతి ఉంటే మాత్రం ప్రమాదం దూరంగా ఉంటుందా? 2010 మార్చి 3న బేగంపేట ఏవియేషన్ షోలో నౌకాదళం ‘సాగర్ పవన్’ బృందంలోని కిరణ్ విమానం ఒకటి బోయినపల్లిలో ఇళ్ళ మధ్య కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. వాళ్ళు నిబంధన మీరలేదు. అనుమతితో, కఠోర సాధనతో చేసే విన్యాసమే ఇలా ముగియగలిగినప్పుడు, ముచ్చటపడి చేసేదాన్ని ‘సరదా’ అని ఎలా కొట్టిపారేస్తాం?

ఇప్పుడు మా పెద్దాయన ప్రశ్నకి వస్తాను. లోకో పైలట్ డ్యూటీ ఎక్కేముందు నోట్లో గొట్టం పెట్టుకుని ఊదాలి, తాగలేదని రుజువు చేసుకోవాలి. ప్రతి సిగ్నల్‌నీ అసిస్టెంట్‌తో కలిసి పైకి పలకాలి. వరుస రాత్రి డ్యూటీల తర్వాత రెప్ప ఒక్క క్షణం వాలి, బండి ఎర్ర సిగ్నల్ దాటితే ఎవరికీ ఏమీ కాకపోయినా సస్పెన్షన్, విచారణ, చాలాసార్లు ఉద్యోగమే గల్లంతు. అది తెంపరితనం కాదు, అలసట. అయినా ఆ మనిషి కోసం ఎవరూ ఈల వేయరు.

విచిత్రం చూడండి. మేం సినిమా చూసిన ఆ రోజుల్లోనే రైల్వే మంత్రి ఒక మాట అన్నారు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు రైళ్ళు ఢీకొని 14 మంది చనిపోయారు కదా, అప్పుడు లోకో పైలట్, అసిస్టెంట్ ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నారని. వాళ్ళిద్దరూ ఆ ప్రమాదంలోనే పోయారు. జవాబు చెప్పడానికి వాళ్ళకి నోరు మిగల్లేదు. పెద్దాయన ఆ వార్త చదివి పేపర్ మడిచి పక్కన పెట్టాడు. “సచ్చినోని మీద ఏదైన పెట్టొచ్చు” అన్నాడు.

పొరపాటు వేరు, తెంపరితనం వేరు. మనం వీటిని తారుమారు చేసుకున్నాం. పొరపాటుని కఠినంగా శిక్షిస్తే మనిషి దాన్ని దాచిపెడతాడు, రేపటి ప్రమాదం ఆ దాచినదాంట్లో పెరుగుతుంది. తెంపరితనాన్ని నవ్వి వదిలేస్తే అది అలవాటవుతుంది, ఆ తర్వాత పేరు తెస్తుంది, చివరికి హాలండ్ అవుతుంది. అందుకే తెంపరితనానికి శిక్ష మొదటిసారే పడాలి. బతుకుతెరువు తెగ్గొట్టేంత పెద్దది కానక్కర్లేదు గానీ తప్పించుకోలేనిదై ఉండాలి. చూసి ఊరుకున్న పై మనిషికీ అందులో వాటా ఉండాలి.

మామునూరులో నిజాం కాలపు ఎయిర్‌పోర్టు మళ్ళీ తెరుస్తామంటున్నారు. తెరిస్తే మా ఊరి మీదుగా విమానాలు తిరుగుతాయి. వాటిలో ఒకటి మరీ కిందుగా వస్తే మా పిల్లలు మేడ మీదికెక్కి చప్పట్లు కొడతారు, అది పిల్లల లక్షణం. మా పెద్దాయన మాత్రం ఎవరో తన ఇంజన్‌లోంచి ఎర్ర దీపం దాటుతున్నట్టు ఉలిక్కిపడి తలెత్తుతాడు. నాకు ఆ ఉలికిపాటు మీద నమ్మకం ఎక్కువ.