వేళకి పడే నిప్పు

ఒకప్పుడు గుంటూరు మిర్చి కమీషన్ వ్యాపారి అయినా, చిలకలూరిపేట జిన్నింగు మిల్లు యజమాని అయినా, ఒంగోలు డాక్టరైనా కారు కొన్నారంటే అది అంబాసిడరో ఫియట్టో అయ్యుండేది. హిందుస్థాన్ మోటార్స్ 2014 మేలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆపేసింది. మిగిలిన బళ్లలో పెట్రోలువి మరీ తక్కువ. ఖర్చుకి తట్టుకోలేక చాలామంది ఆ పాత 1489 సీసీ ఇంజను దింపి డీజిల్ ఇంజను ఎక్కించుకున్నారు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గూ లేదు, నిప్పురవ్వా లేదు. అందుకే ఆ నిప్పురవ్వని పుట్టించే పాయింట్లు సరిచేయడం తెలిసిన చేతులు ఆటోనగర్లలో తగ్గిపోతున్నాయి. పెట్రోలు బండి ఇంకా ఉంచుకున్నవాళ్లు పాయింట్లు తీయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోవాలా? రోజూ తిరిగే బండికైతే పెట్టించుకోవాలనే నేనంటాను. అయితే ఆ పని పాయింట్ల పని తెలిసిన మేస్త్రీ చేతుల మీదుగానే జరగాలి.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్లకి తెచ్చిన పద్ధతే అంబాసిడర్‌లోనూ ఉంది. తాళం తిప్పితే బ్యాటరీ కరెంటు కాయిల్‌లోని లావు తీగ చుట్లలోకి పోతుంది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు అక్కడ అయస్కాంత శక్తి పోగవుతుంది. డిస్ట్రిబ్యూటర్ కడ్డీ మీది క్యామ్ పాయింట్లని విడదీసిన క్షణాన ఆ శక్తి కూలిపోయి, సన్న తీగ చుట్లలో వేల వోల్టులు పుడతాయి. అవి రోటర్ మీదుగా వంతు వచ్చిన ప్లగ్గుకి చేరతాయి. ఒకటి, మూడు, నాలుగు, రెండు: ఇదీ సిలిండర్ల వంతు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకి 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి.

అన్నిసార్లు కొట్టుకునే లోహం అరగకుండా ఉంటుందా? కండెన్సర్ ఎంత కాచినా పాయింట్ల మధ్య చిన్న మంట లేస్తూనే ఉంటుంది. ఒకవైపు గుంట పడుతుంది, రెండోవైపు మొటిమ లేస్తుంది. క్యామ్‌కి రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, నిప్పు ఆలస్యంగా పడుతుంది. బండి పికప్ పోతుంది, వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇదంతా మెల్లగా జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు. ఇంజను ముసలిదైపోయిందనుకుంటాడు.

మంచి మేస్త్రీ పనితనం ఇక్కడే కనిపించేది. పాయింట్లని ఎమరీ కాగితంతో చదును చేసి, క్యామ్ శిఖరం మీదికి మడమని తెచ్చి, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ 0.015 అంగుళానికి, అంటే దాదాపు 0.38 మిల్లీమీటరుకి పెడతాడు. గేజ్ రేకు మధ్యలోంచి జారేటప్పుడు వేళ్లకి తగిలే ఆ కొద్దిపాటి పట్టుని, వెన్నలో చాకు దిగుతున్నంత మెత్తగా ఉండేదాన్ని, ఏ పుస్తకమూ నేర్పలేదు. తర్వాత ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ మీదికి తెచ్చి, పుల్లీ గుర్తు కలిపి, చిన్న బల్బు తగిలించి డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పుతాడు. పాయింట్లు విడిపోయి బల్బు వెలిగిన చోట బిగిస్తాడు. ఆఖరికి రోడ్డు మీద నడిపి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటకలాడితే వెంట్రుకవాసి వెనక్కి జరుపుతాడు. పెట్రోలు రకం, మన ఎండ, ఇంజను వయసు, మూడూ ఆ ఆఖరి జరుపుడులోనే లెక్కకొస్తాయి.

ఎలక్ట్రానిక్ కిట్ ఈ పనిలో ఒక్క ముక్కనే తప్పిస్తుంది. రోటర్ కింద అయస్కాంతాల రింగు, పాయింట్లుండే చోట సెన్సార్ డబ్బీ, అంతే. రింగు తిరుగుతుంటే ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉంటుంది. రాసుకునేదేమీ లేదు కాబట్టి అరుగుదల లేదు, గ్యాప్ మారదు. పొద్దున్నే స్టార్టింగు తేలిక, ఐడిలింగ్ నిలకడ. మిగతావన్నీ పాతవే: లోపలి అడ్వాన్స్ బరువులు, స్ప్రింగులు, వాక్యూమ్ డయాఫ్రం, కడ్డీ బుష్. బుష్ అరిగి కడ్డీ ఊగుతుంటే, బరువులు తుప్పుపట్టి కదలకపోతే, ఎంత ఖరీదైన కిట్ పెట్టినా నిప్పు వేళ తప్పుతుంది. ముందు డిస్ట్రిబ్యూటర్ విప్పించి బాగుచేయించాలి. కిట్ తర్వాతి మాట.

బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ఆ కాలపు బ్రిటిష్ తరహా బళ్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉండేది. అది చూసుకోకుండా వైర్లు కలిపితే కిట్ క్షణంలో కాలిపోతుంది. కాయిల్ రెసిస్టెన్స్ కిట్‌కి సరిపోవాలి. ఇంజను ఆపి తాళం ఆన్‌లో వదిలేయకూడదు. మామూలు రాగి ప్లగ్ వైర్లు సెన్సార్‌ని గందరగోళపెట్టొచ్చు, రెసిస్టెన్స్ ఉన్న వైర్లే వేయించాలి. కిట్ పెట్టాక టైమింగు మారుతుంది, ఇంజను నడుస్తుండగా టైమింగ్ లైటుతో మళ్లీ చూడాల్సిందే.

అన్ని బళ్లకీ కిట్ అక్కర్లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, మూల రూపం చెడని బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. దాన్ని రోజువారీ తిప్పుకోవడానికి వీల్లేదు. అలా ప్రదర్శనకి ఉంచుకునేదాన్లో పాయింట్లే ఉండనివ్వండి, వాటి అందం వాటిది. నడిచే బండిలో కూడా దేన్నీ కోయించొద్దు, రంధ్రాలు వేయించొద్దు. తీసిన ప్రతి ముక్కా దాచండి.

ఇంకొకటి, మన ఎండల గురించి. రెంటచింతల వైపు మే నెల మధ్యాహ్నం బానెట్ కింద వేడి ఎలా ఉంటుందో ఆ దారిన పోయినవాళ్లకి తెలుసు. పాయింట్లు చెడేముందు దగ్గి, మిస్సింగు కొట్టి చెబుతాయి. సెన్సార్ చాలాసార్లు చెప్పకుండానే ఆగిపోతుంది, రోడ్డు పక్కన దాన్ని బాగుచేసేవాడు దొరకడు. డిక్కీలో ఒక పాయింట్ల సెట్టు, కండెన్సర్, ఫీలర్ గేజ్, స్క్రూడ్రైవర్ ఉంచుకోండి. డిస్ట్రిబ్యూటర్ అంచు మీద పాయింట్లతో నడిచినప్పటి టైమింగుకి ఒక గీత, కిట్‌తో నడిచేదానికి ఇంకో గీత గీయించండి. కిట్ తీసి పాయింట్లు బిగించుకోవడం మీ మేస్త్రీ దగ్గరే ఒకసారి నేర్చుకుంటే, బండిని లాక్కెళ్లే పని తప్పుతుంది.