ఎనిమిది పైల భాగహారం

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి మనకి దొరికే రాతలన్నిట్లోకీ నన్ను బాగా పట్టుకున్నది ఒక అంకె. నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైలు. కుంపిణీ ఆయనకి ఇచ్చిన భరణం అది. పాటలూ నవలలూ సినిమా కాసేపు పక్కనపెట్టి, ఈ అంకెని ఒక వాక్యంలా చదివి చూడండి. అణాకి పన్నెండు పైలు, రూపాయికి పదహారణాలు. పన్నెండు నెలలకి గుణిస్తే సరిగ్గా 140 రూపాయలు, ఒక్క పై అటూ ఇటూ లేదు. ఆ ఎనిమిది పైలు ఎవరి పిసినారితనమూ కాదన్నమాట. ఒక గుండ్రటి మొత్తాన్ని ఎవరో గుమాస్తా నెలలకి పంచినట్టుంది. గుర్రాలూ కోటలూ ఉండిన ఇల్లు కచేరీ లెక్కలో ఇంత నున్నగా సర్దుకుపోయింది.

అప్పటి హద్దులు కాస్త తెలిస్తే గానీ ఈ అంకె బరువు తెలీదు. ఇవాళ నంద్యాలలో బస్సెక్కితే ఆళ్లగడ్డకి గంట ప్రయాణం, అంతా ఒకే జిల్లా. 1839 దాకా అలా కాదు. నంద్యాలా, ఆళ్లగడ్డ ఉన్న సిరివెళ్ల సీమా కర్నూలు నవాబు కింద ఉండేవి. పక్కనే కోయిలకుంట్ల 1800లో నిజాం నుంచి కుంపిణీ చేతికొచ్చిన దత్తమండలంలో భాగం. మధ్యలో బనగానపల్లె మరో నవాబుది. ఇలా మూడు సర్కార్ల అంచులు కలిసే చోట మనిషి హక్కంటే అతని దగ్గరున్న కాగితమే. సనదు, ఇనాం పట్టా, కావలి మిరాశీ ఏదైనా సరే, ఏ దొర మారినా మూట విప్పి చూపించాలి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి ఎనభైమంది పాలెగాళ్లను అణిచాడంటే అందులో కత్తి ఎంతో కాగితమూ అంత. పాలెం తీసేసుకుని, బదులుగా నెలసరి భరణం రాసిచ్చారు.

సర్కారు పుస్తకాల్లో ఈ కథ కొద్ది వాక్యాల్లో అయిపోతుంది. 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్ రాసింది నరహరి గోపాలకృష్ణమ శెట్టి, తెలుగువాడే, డిప్యూటీ కలెక్టరు. ఈ తరహా పుస్తకాల వరస ఎప్పుడూ ఒకటే. నొస్సం జాగీరుదారు జయరామిరెడ్డి భరణం ఆయనతోనే ఆగిపోయింది, మనవడికి అందులో వాటా ఇవ్వలేదు, మనవడు నిరాశపడ్డాడు, కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. చదువుతుంటే పెన్షన్ రాని ముసలాయన తగాదాలా ఉంటుంది. నాకు పేచీ ఆ నిరాశ అన్న మాటతో. జప్తైన పాలెం బదులు రాసిచ్చిన కాగితం చెల్లదనడం, ఒప్పందం తప్పడం. దాన్ని ఒక మనిషి మనసు బాధగా మార్చెయ్యడం గొప్ప వచన విద్య. గుమాస్తాలకి అది బాగా తెలుసు.

అయితే అదే పుస్తకాలు, పెద్దగా పట్టించుకోకుండానే, ఒక మాట చెప్పేసి పోతాయి. అప్పట్లో కట్టుబడి ఇనాములు వెనక్కి తీసుకోవాలా అని సర్కారు ఆలోచిస్తోందట. కట్టుబడులంటే ఊరి కాపలాకి బదులుగా మాన్యం అనుభవించే బంట్లు. 1846లో నరసింహారెడ్డి వెనక నడిచింది వీళ్లే. ఆయన కాగితం చెల్లకపోతే వాళ్ల కాగితమూ చెల్లదు. ఎర్రమల, నల్లమల కొండల్లో నెలల తరబడి సాగింది ఒక ఇంటి పరువు గొడవో, ఇంకా పుట్టని దేశం కోసం యుద్ధమో అంటే నేను నమ్మలేను. వందల ఇళ్ల దస్తావేజులకి విలువ ఉందా లేదా అన్నదే అక్కడ తేలాల్సింది.

2019 సినిమా ‘సైరా’ ఈ కథని ఝాన్సీ లక్ష్మీబాయి నోట చెప్పించింది. అనుష్క చెప్తే బాగానే ఉంది, కాదన్ను. కానీ కోయిలకుంట్ల గొడవకి గౌరవం రావాలంటే ఝాన్సీ నుంచి సిఫార్సు ఎందుకో! రేనాటి పల్లెల్లో జనం పాడుకున్నప్పుడు ఆ అవసరం రాలేదు. తంగిరాల వెంకటసుబ్బారావు లాంటివాళ్లు ఆ పాటలు ఏరి అచ్చులోకి తేబట్టి మనకి మిగిలాయి. పాటకి పైల లెక్క అక్కర్లేదు, రెడ్డి వీరుడైతే చాలు. ఆ లెక్క కోసం మనం కాగితం దగ్గరికే వెళ్లాలి.

వెళ్తే ఎవరి గొంతు వినిపిస్తుంది? కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా పోగుచేయించిన కైఫీయతుల్లో చూడండి. ఒక్కో వాక్యం అరపేజీ నడుస్తుంది, మధ్యలో హుజూరు, తాకీదు, జప్తు, పరగణా. తీరు చరిత్రదే అయినా చాలాచోట్ల లోపల ఉన్నది అర్జీ: మా పెద్దలకి ఫలానా రాజు ఫలానా మాన్యం ఇచ్చాడు, చూసుకోండి. రాసేది కరణం. పాలెగాడి ఇల్లూ, కట్టుబడి ఇల్లూ తమ సంగతి అతని చేతిరాతలోనే చెప్పుకోవాలి. వీటిని ఊరి పుక్కిటి పురాణాలని తీసిపారేసేవాళ్లూ, అక్షరసత్యమని నెత్తికెత్తుకునేవాళ్లూ కూడా ఆ అర్జీ స్వరాన్ని వదిలేస్తున్నారు.

ఆ స్వరం ఇంకా పోలేదు. ఆళ్లగడ్డ పక్క ఒక ఇంట్లో గుడ్డమూట విప్పి చూపిస్తూ ఒక పెద్దాయన నన్నడిగాడు, “ఇది కోర్టుకు పనికొస్తాదా నాయనా?” రాదేమో పెద్దాయనా అన్నాను. “అట్లయితే నువ్వు చదువుకో” అని నా ముందుకి తోశాడు. చెదలు తినగా మిగిలిన నకళ్లు. వాటిల్లో నాకు అర్థమైనవి ఇనాం కమిషన్ నాటివి.

ఆ కమిషన్ 1858లో మొదలైంది. కోయిలకుంట్ల తాలూకాని కడప నుంచి కర్నూలు జిల్లాకి మార్చిందీ ఆ ఏడే. మాన్యం ఉన్న ప్రతి ఇల్లూ ఏ రాజు ఇచ్చాడో, ఎన్ని తరాలుగా అనుభవిస్తున్నారో రుజువు చూపించాల్సొచ్చింది. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలని మాత్రం దించలేదు. 1877 దాకా, ముప్ఫయ్యేళ్లు, అది అక్కడి కోటలో వేలాడుతూనే ఉంది. కట్టుబడి ఇళ్లవాళ్లు కాగితాల మూటలు చంకన పెట్టుకుని కచేరీకి వచ్చింది ఆ ఊరికే.