సర్పనిష్కాసనము – సర్పశాంతి

అయర్లండు దేశమున ఏటేట మార్చి 17వ తేదీన జరుగు జాతీయపర్వము పునీత పాట్రిక్కు పేర వెలసినది. 1903లో శాసనమూలమున సెలవుదినమైన ఈ పర్వమును ఆశ్రయించిన ఐతిహ్యములలో ప్రసిద్ధమైనది, ఆ సాధువు ద్వీపమందలి పాములనెల్ల కడలిలోనికి తరిమెనను కథ. దీనికిని మన మోపిదేవి పరిసరములందలి నాగారాధనకును సామ్యము చూపి, రెండును ఒకే ప్రాచీనవిశ్వాసపు శాఖలని చెప్పవలెనని పరిశోధకునకు కోర్కె కలుగుట సహజము. పామర్రు అను పేరు వినగానే ‘పాము’ తలపునకు వచ్చును. కాని ధ్వనిసామ్యము వ్యుత్పత్తికి ప్రమాణము కానట్లే, వస్తుసామ్యము కథల చుట్టరికమునకు ప్రమాణము కాజాలదు.

మొదట ఐరిషు కథను పరీక్షింతము. 5వ శతాబ్దివాడగు పాట్రిక్కు స్వయముగ రచించినవని పండితులంగీకరించిన రచనలు రెండు: ఒకటి ఆత్మకథనము, రెండవది కొరోటికసు సైనికులకు వ్రాసిన లేఖ. రెండింటను ఈ కథ లేదు. పైగా ఆ ద్వీపమున పాములు లేవని 3వ శతాబ్దినాటి లాటిను గ్రంథకర్త సోలినసు అప్పటికే వ్రాసియుండెను. 12వ శతాబ్దిలో జోసెలిను రచించిన పాట్రిక్కు చరిత్రమున ఈ కథ చోటు చేసికొన్నది. అదే శతాబ్దివాడగు వేల్సు దేశపు జెరాల్డు దీనిని నమ్మక, అచట పాములు స్వభావము చేతనే లేవని తలచెను. మంచుయుగానంతరము సముద్రము అడ్డమగుటచే పాములచటికి చేరలేదని నేటి శాస్త్రజ్ఞుల మతము. కావున ఇది లేని పామును తరిమిన కథ. పాము పూర్వమతమునకు సంకేతమను మాట ఇంపుగ నుండవచ్చును. కాని అది వ్యాఖ్యయే, సాక్ష్యము కాదు.

మన సీమలో పాము సంకేతము కాదు, ప్రత్యక్షము. వరిచేల గట్లలో ఎలుకలు, ఎలుకల వెంట త్రాచులు, రక్తపింజరలు. మోపిదేవి స్థలపురాణమున కుమారస్వామియే సర్పరూపమున పుట్టలో తపమాచరించినాడు. కార్తిక శుద్ధ చవితినాడు స్త్రీలు పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి నివేదించి, పుట్టమన్ను చెవులకు అలదుకొందురు. వారి ప్రార్థనాసారమొక్కటే: తెలియక త్రొక్కినవారిపై అలుగవలదని. ఇది తరుముట కాదు. ఒకే చేనిని పంచుకొను ఇరువురి నడుమ ఒడంబడిక.

ఐరిషు కథకు సాటి వెదకవలెనన్న పుట్టచెంత గాక ఆదిపర్వమున వెదకవలెను. జనమేజయుని సర్పయాగము సమూలసంహారమున కుద్దేశింపబడినది. నన్నయ భారతమున ఉదంకుడు కుండలములకై నాగులను స్తుతించును. పిదప అతడే రాజును యాగమునకు పురికొల్పును. ఆ యాగమును నిలిపిన ఆస్తీకుడు తండ్రివంక మునిసంతతి, తల్లివంక నాగసంతతి. పాట్రిక్కు కథ తరుముటతో ముగియును. మన కథ ఆపుటతో ముగియును. అర్థము నిచ్చునది ఈ భేదమే.

ఇది కేవలము పండితచర్చ కాదు. 2018 ఆగస్టులో దివిసీమయందు పాముకాటులు పెరిగినపుడు మోపిదేవి ఆలయమున సర్పశాంతియాగము జరిగినది. దానిని పరిహసించినవారు కూలివాని భయమును గ్రహింపలేదు. యాగమే చాలునన్నవారు విషహరౌషధము విలువను గ్రహింపలేదు. కాటు తిన్నవానికి ఆసుపత్రియే శరణ్యము. అందు సందేహము లేదు. కాని ఆ భయమునకు మాట నేర్పినది చవితి. ఆ మాటను వినదలచిన విద్యార్థి దూరదేశపు కథలతో పోలికలు కూర్చుటకు ముందు, ఆ పుట్టయొద్ద నిలిచిన స్త్రీ ఏ చేనికి కోతకు పోవునో తెలిసికొనవలెను.