మాటలో కాకువు, పాటలో స్వరం

తెలుగు అజంత భాష కనుక సంగీతానికి అనువైనదని తరచు వింటూంటాం. ఇది సగం నిజమే. అచ్చుతో ముగిసే మాట గొంతు సాగడానికి వీలిస్తుంది. కాని వాగ్గేయకారుడికి మన భాష ఇచ్చే అసలు స్వేచ్ఛ వేరు.

చైనా వారి మాండరిన్‌లో 'మా' అన్న అక్షరాన్ని పై స్థాయిలో సమంగా పలికితే అమ్మ, దించి ఎత్తితే గుర్రం. కాంటనీస్‌లో పాట కట్టేవారు పదాల స్థాయిని అనుసరించే బాణీని చాలావరకు నడుపుతారు. తెలుగుకు ఆ నిర్బంధం లేదు. 'నెల' అన్న మాటను షడ్జంలో పలికినా పంచమంలో పలికినా నెలే. 'నె'ను సాగదీస్తే మాత్రం 'నేల' అవుతుంది. మన పదాల అర్థాన్ని మార్చేది స్థాయి కాదు, మాత్ర.

అలాగని తెలుగులో స్థాయికి అర్థం లేదనలేం. 'నువ్వు మహా మంచివాడివి' అన్న వాక్యం మెప్పో ఎత్తిపొడుపో గొంతే చెబుతుంది. దీన్నే ఆలంకారికులు కాకువు అన్నారు. భరతుడు నాట్యశాస్త్రంలో సప్తస్వరాలను పాఠ్యానికి సైతం అన్వయించి, హాస్యశృంగారాలకు మధ్యమ పంచమాలను, కరుణకు గాంధార నిషాదాలను చెప్పాడు. కాకువును సాకాంక్షం, నిరాకాంక్షం అని విభజించాడు. ఇంకా ఏదో మిగిలినట్టు వినిపించేది మొదటిది. ముగిసినట్టు వినిపించేది రెండవది. శంకరాభరణంలో నిషాదం మీద నిలిచిన పంక్తికీ, షడ్జం చేరిన పంక్తికీ ఇదే భేదమని మేము భావిస్తున్నాం.

అందుకే 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదంలో నాయిక మాట నిష్ఠూరమో బతిమాలుకోవడమో కాగితం తేల్చదు. పాడేవారు తేల్చాలి. త్యాగరాజ కృతుల్లో సంగతులు చేసే పని కూడా ఇలాంటిదే: మాటలు మారవు, వాటి బరువు ఒక చోటి నుంచి మరో చోటికి జరుగుతుంది.

ఈ స్వేచ్ఛ నిలిచేది మాత్ర చెడనంత వరకే. విలంబ కాలంలో హ్రస్వం సాగక తప్పదు; కాని దాని పక్కనున్న దీర్ఘాన్ని అదే చోట కుదిస్తే మాట మారిపోతుంది. రాగభావాన్ని మెచ్చుకొని ఈ దోషాన్ని వదిలేసే సమీక్షలు సగం పాటనే విన్నట్టు.

బయటి రాష్ట్రాల్లో చదివే మన విద్యార్థులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఒడియా లిపిలోనూ, మరాఠీకి వాడే దేవనాగరిలోనూ ఎ–ఏ, ఒ–ఓ భేదం సాధారణంగా రాయరు. తమిళ లిపి ఆ భేదం చూపుతుంది గాని క–గ, త–ద వంటి జంటలను విడదీయదు. ఆ లిపుల్లో సాహిత్యం రాసుకొని నేర్చుకుంటే రాతలో పోయిన భేదం గొంతులోనూ పోతుంది. కాబట్టి కృతిని ముందు తెలుగు లిపిలో రాసుకోండి. రాగం లేకుండా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు చదవండి. ఎక్కడ అడుగుతున్నాడో, ఎక్కడ దెప్పుతున్నాడో తెలిశాక పాడండి.